లకుముకి పిట్ట పేరులో టర్కీ ఊరు ఎందుకుంది?

కోనసీమ కాలువ గట్ల మీద, కరెంటు తీగల మీద రోజూ కనిపించే తెల్ల రొమ్ము లకుముకి పిట్ట శాస్త్రీయ నామం హాల్సియన్ స్మిర్నెన్సిస్. మన పిట్టకి ఆ పేరేంటి అని అడిగారు.

హాల్సియన్ అంటే పాత గ్రీకులో లకుముకి పిట్టే. స్మిర్నెన్సిస్ అంటే ‘స్మిర్నాకి చెందినది’. స్మిర్నా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్ రేవు. ఇంగ్లండులో ఎలియాజర్ ఆల్బిన్ అనే చిత్రకారుడు 1738లో ఈ పిట్ట బొమ్మను స్మిర్నా లకుముకిగా అచ్చువేశాడు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దాని ఆధారంగానే 1758లో స్మిర్నెన్సిస్ అనే లాటిన్ పేరు పెట్టాడు. ఆ పిట్ట మన దేశమంతా ఉన్నా, నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అందుకే పేరులోని ఊరిని పట్టుకుని పిట్ట సొంతూరు అదేననుకోకూడదు.

శాస్త్రీయ నామం చివర ‘-ఎన్సిస్’ ఉంటే సాధారణంగా చోటు, ‘-ఈ’ ఉంటే చాలాసార్లు మనిషి. వరిమడిలో కదలకుండా నిలబడే గుడ్డి కొంగ పేరు ఆర్డియోలా గ్రేయీ. చాలామంది గ్రే రంగు అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి అది బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే పేరు. 1832లో సైక్స్ అనే సైనికాధికారి పెట్టాడు.