ముందు ఓపీలో కూర్చో, టాపిక్ తర్వాత

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. పీజీ థీసిస్‌లో ఏం చేయబోతున్నానో రాసివ్వాల్సిన సినాప్సిస్ గడువు దగ్గరకొచ్చేసింది పెద్దమ్మా, గైడ్ మేడమ్ మూడు టాపిక్‌లు రాసుకు రమ్మన్నారు, ఒక్కటీ తట్టడం లేదు, సీనియర్ల థీసిస్ ఏదో ఒకటి తీసుకుని కొంచెం మార్చి రాసేయనా అని. రాసేయకు. ముప్పై ఏళ్ళు ఈ విశాఖలోనే గైనిక్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను, అలా మార్చి రాసిన థీసిస్‌లు ఎన్ని చూశానో. బైండింగ్ అయిన రోజు నుంచి వాటిని రాసినవాళ్ళు కూడా మళ్ళీ తెరవలేదు. నీ టెన్షన్ నాకు అర్థమైంది గానీ, ఒక వారం నేను చెప్పినట్టు చెయ్యి.

ఈ వారం లైబ్రరీకి వెళ్ళొద్దు, నెట్‌లో వెతకొద్దు. ఓపీలో కూర్చున్నప్పుడు కోటు జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. మన ఊరికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వస్తారు, పాడేరు, అరకు నుంచి వస్తారు, ఒడిశా నుంచి కోరాపుట్, మల్కన్‌గిరి వాళ్ళు కూడా వస్తారు. వాళ్ళలో ప్రతి ఆడమనిషీ నోరు తెరిచి చెప్పిన మొదటి మాటను చెప్పింది చెప్పినట్టు రాసుకో. నువ్వు దాన్ని డాక్టరు భాషలోకి మార్చకముందే రాసుకోవాలి. వారం తిరిగేసరికి ఏ మాట మళ్ళీ మళ్ళీ కనబడుతోందో అదే నీ టాపిక్.

నాకలా దొరికిన మాట ఒకటి చెబుతాను. అనకాపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది, వయసు 34. మోకాళ్ళ నొప్పులు, ఒళ్ళంతా సెగలు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ముట్టు ఎప్పుడొచ్చిందమ్మా అంటే "ముట్టేటమ్మా, సంచి తీయించీసుకున్నాను కదా" అంది. ఎందుకు తీయించుకున్నావంటే "తెల్లబట్ట అయ్యేది. పిల్లల ఆపరేషన్ అయిపోయినాక ఇంక సంచి ఏటికి, ఉంచితే కేన్సర్ ఒచ్చీస్తాదన్నారు". కాయితాలు లేవు. అండాశయాలు ఉంచారో తీసేశారో తనకు తెలీదు. పొట్ట మీద కుట్ల గీత ఒక్కటే ఆ ఆపరేషన్‌కి సాక్ష్యం. ఆ సాయంత్రం నోటుబుక్కు వెనక్కి తిప్పి చూస్తే ఆ నెలలోనే అలాంటివాళ్ళు ఇంకా కనబడ్డారు, అన్నాళ్ళూ నేను మోకాళ్ళ నొప్పికి మందు రాసి పంపేశాను.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019-21 సర్వేలోనూ దేశానిది 3.3, మనది 8.7. మళ్ళీ ఇదే రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఆవిడ అన్న "ఇంక సంచి ఏటికి" అనే మాట మళ్ళీ చదువు. అనవసరంగా చేస్తున్న ఈ ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. మరి సంచి పోయాక ఆ మనిషి ఎలా ఉంది, ఎముకలు ఎలా ఉన్నాయి, బీపీ ఎంత, అండాశయాలు మిగిలాయా అని స్కానింగ్ చేసి చూసినవాళ్ళెవరు? అది నీకో టాపిక్. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే గడ్డలు పెరిగిపోయి, రక్తం పోయి పోయి నిజంగానే వేరే దారి లేక తీయించుకున్నవాళ్ళూ అందులో ఉంటారు, కాబట్టి అన్నీ అనవసరపు ఆపరేషన్లేనని ముందే తీర్పు రాసుకుని బయల్దేరకు.

ఇక అడిగే తీరు. నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది ఇక్కడే. నా థీసిస్ ముట్టులో ఎక్కువ రక్తం పోవడం మీద. ప్రశ్నలన్నీ తెలుగులో రాశాననుకున్నాను, "రుతుస్రావం అధికంగా ఉన్నదా", "శ్వేతస్రావం కలదా" అని. అడిగితే అందరూ బుర్ర ఊపేవాళ్ళు. కొందరు అవునని, కొందరు కాదని, నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను. నలభై మందో ఎంతో అయ్యాక పక్కనే నిలబడి చూస్తున్న ఆయమ్మ ఇక ఆగలేక "అలాగడిగితే ఏటి చెప్తారమ్మా, ఎన్ని గుడ్డలు మార్చావు, రాత్రి లేచి మార్చావా, చీరకంటిందా, గడ్డలు పడ్డాయా అనడుగు" అంది. అప్పటిదాకా నింపిన కాయితాలన్నీ పక్కన పెట్టేసి మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాను. నాలుగు నెలలు పోయాయి. ఏడ్చాను కూడా. కానీ ఆయమ్మ చెప్పిన ఆ నాలుగు ప్రశ్నలే నా థీసిస్‌ను నిలబెట్టాయి.

ఒక ముట్టులో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అని పుస్తకంలో ఉంటుంది, ఇంట్లో ఎవరు కొలుస్తారు? అందుకని 1990లో బ్రిటన్‌లో బొమ్మల చార్టు ఒకటి చేశారు, ఏ ప్యాడ్ ఎంత తడిసిందో బొమ్మ చూసి గీత పెడితే స్కోరు వస్తుంది, 100 దాటితే ఎక్కువ. మంచి చార్టే. కాకపోతే అది ప్యాడ్లకు, టాంపాన్లకు చేసినది, పాత నూలు చీర చింపి మడిచి వాడే మనిషికి ఆ బొమ్మలు అతకవు. నువ్వు ఏ చార్టు ఎత్తుకున్నా ముందు ఇక్కడి పదిమందికి చూపించి, వాళ్ళకేం అర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పించుకుని, తర్వాతే వాడు.

రక్తం కొలవడం అంటే గుర్తొచ్చింది, పెద్ద మిషన్లు లేకపోతే రీసెర్చ్ లేదనుకునేవాళ్ళకు నేనెప్పుడూ బెళగావి సంగతి చెబుతాను. కర్ణాటకలో ఆ జిల్లా పల్లెల్లో కాన్పులు చేసే ఏఎన్ఎమ్ నర్సమ్మలతోనే చేసిన స్టడీ, 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాన్పు కాగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ షీటు పరిచి పోయిన రక్తం కొలిచారు. 1,620 మందిలో సగం మందికి రక్తస్రావం తగ్గించే మిసోప్రోస్టాల్ బిళ్ళలు, మిగతావాళ్ళకు మందు లేని బిళ్ళలు. రక్తం 500 మిల్లీలీటర్లు దాటి పోవడం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. ఒక ప్లాస్టిక్ షీటు, ఒక బిళ్ళ, ఊళ్ళో నర్సమ్మ. ఆ పేపరు ఈ వారం తర్వాత తప్పకుండా చదువు.

మళ్ళీ మన ఓపీకి వద్దాం. నీ బల్ల మీద తెలుగు క్యాలెండర్ ఒకటి తగిలించుకో, తిథులూ పండగలూ ఉండే గోడ క్యాలెండర్. ఆఖరి ముట్టు ఎప్పుడంటే తేదీ చెప్పేవాళ్ళు కొందరే. "కనుమ వెళ్ళిన మూడోనాడు", "అమావాస్యకి ముందు మంగళవారం", "పైడితల్లమ్మ సిరిమాను నాడు తలంటుకున్నాను" అంటారు. నువ్వు ఊరికే "తేదీ తెలియదు" అని రాసేస్తే వారాలు లెక్క తప్పి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎవరో, నెలలు నిండీ బరువు తక్కువగా పుట్టిన బిడ్డ ఎవరో కలిసిపోతారు. ఓపిగ్గా క్యాలెండర్ తిప్పితే తేదీ దొరుకుతుంది, దాన్ని మొదటి మూడు నెలల స్కానింగ్‌తో సరిచూసుకో.

ఇంకోటి, "ఏమైనా మందులు వాడుతున్నావా" అనే ప్రశ్నను నమ్మకు. ఇంట్లో వ్రతమనో, సింహాచలం వెళ్ళాలనో, ఆడపడుచు పెళ్ళనో ముట్టు వెనక్కి జరిపే బిళ్ళలు మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకుంటారు, వాళ్ళ లెక్కలో అది మందే కాదు. నువ్వేమో ఆ నెల ఆలస్యాన్ని చూసి ముట్టు సరిగా రావడం లేదని రాసి పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఖాతాలో వేసేస్తావు. "పండక్కి ముట్టు ఆపే బిళ్ళ వేసుకున్నావా" అని అదే మాటతో అడగాలి.

ఫాలో అప్ పెట్టుకునే టాపిక్ అయితే మన ఆచారం లెక్కలో ఉండాలి. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్ళిపోతారు, ఇక్కడ కార్డు రాయించుకున్న పిల్ల కాన్పు పలాసలోనో పార్వతీపురంలోనో అవుతుంది. కాబట్టి మొదటి రోజే పుట్టిల్లు ఎక్కడ, కాన్పు ఎక్కడ, ఫోన్ ఎవరిది అని అడుగు.

ఫోన్ ఎవరిది అన్నది ఒత్తి చెబుతున్నాను, ఎందుకంటే నేను అడగలేదు. థీసిస్ అయిపోయి ఉద్యోగంలో చేరాక, గర్భస్రావం చేయించుకున్నవాళ్ళు తర్వాత ఎలా ఉన్నారో చూసే ఒక స్టడీలో ఉన్నాను. రెండు వారాలకి ఒకమ్మాయి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను, తీసింది అత్తగారు. ఆసుపత్రి నుంచి, గైనిక్ నుంచి అన్నాను, అంతే. అవతల మాట ఆగిపోయింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు, ఏమైందో నాకు ఇవాళ్టికీ తెలీదు. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఆ ఫోన్ గుర్తొస్తుంది. గర్భస్రావం చేయించుకున్న మనిషి వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది, 2021 సవరణలో అది ఇంకా గట్టిపడింది. కానీ చట్టం సంగతి అలా ఉంచు, ఆ ఇంట్లో ఆ అమ్మాయే ఉండాలి కదా. ఫోన్ చేయొచ్చా, ఏ టైముకి, ఎవరైనా వేరేవాళ్ళు తీస్తే నేనెవరినని చెప్పాలి, ఈ మూడూ తననే అడిగి రాసుకో. కేసులన్నిటి వివరాలూ ఎక్కించే మాస్టర్ చార్టులో పేర్లు వద్దు, నంబర్లే. ఆ ఎక్సెల్ షీటు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

ఇక స్టడీలో చేరడానికి ఒప్పుకుంటున్నానని పేషెంట్ పెట్టే సంతకం విషయం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా ఉండే హెచ్‌పీవీ టీకా వేసి చూసిన ప్రాజెక్టు గురించి మీ క్లాసులో చెప్పే ఉంటారు. చాలామంది పిల్లలకు, అందులో హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలకు, అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు, పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది. టీకా మంచిదే. కానీ అడగకుండా చేసిన పని వల్ల మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టింది. నీ దగ్గరకు ఏజెన్సీ నుంచి కువి మాట్లాడే ఆవిడ వస్తే, వెంట వచ్చిన మనిషి "పెట్టేస్తాదిలెండి మేడమ్" అన్నా వేలిముద్ర వేయించుకోకు. ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్తను పిలిపించు, అది కుదరకపోతే ఆవిడను స్టడీలోకి తీసుకోకు. వద్దన్నా వైద్యం ఆగదని స్పష్టంగా చెప్పు, ఎందుకంటే ఆవిడ భయం అదే. పద్దెనిమిదేళ్ళ లోపు గర్భిణుల మీద టాపిక్ తీసుకుంటే మాత్రం పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత ఉంటుంది, ఎథిక్స్ కమిటీ వాళ్ళతో అది ముందే మాట్లాడుకో.

మిగతావి నీకు తెలిసినవే. ఎథిక్స్ అనుమతి రాకముందు ఒక్క కేసు కూడా తీసుకోకు. మందు ఇచ్చి చూసే స్టడీ అయితే మొదటి పేషెంట్ కన్నా ముందే సీటీఆర్ఐలో, అంటే దేశంలో ఇలాంటి స్టడీలను నమోదు చేసే రిజిస్ట్రీలో, నమోదు చేయాలి, తర్వాత ఒప్పుకోరు. శాంపిల్ సైజు కోసం కమ్యూనిటీ మెడిసిన్‌లో స్టాటిస్టిక్స్ చూసేవాళ్ళ దగ్గరకు ఇప్పుడే వెళ్ళు, అంతా అయ్యాక వెళితే వాళ్ళూ ఏం చేయలేరు. కేసులు తగ్గాయని ఇంట్లో కూర్చుని కాయితాలు నింపేవాళ్ళు నీకూ కనబడతారు. అలా నింపిన అంకెను చూసి రేపు ఎవరో ఒక మనిషికి మందు డోసు వేస్తారు. యాభై కేసులే దొరికితే యాభై అనే రాయి, నువ్వనుకున్నది తేలకపోతే తేలలేదనే రాయి, నేను గైడ్‌గా ఉన్నప్పుడు అలాంటి థీసిస్‌ల మీద సంతోషంగా సంతకం పెట్టాను.

వచ్చే ఆదివారం డ్యూటీ లేకపోతే నోటుబుక్కు పట్టుకుని ఇంటికి రా. ప్రశ్నలు ఓ పది తెలుగులో రాసుకుని రా, నాకు చదివి వినిపించకు. మా ఇంట్లో పనికొచ్చే ఆవిడ పది గంటలకు వస్తుంది, ఇష్టమైతేనే వింటుంది, ఆవిడకు చదువు. ఎక్కడ మొహం అటు తిప్పుకుంటుందో ఆ ప్రశ్న పక్కన గీత పెట్టు. తర్వాత ముగ్గురం కూర్చుని టీ తాగుతూ వాటిని మార్చి రాద్దాం.

మీ అమ్మకు చెప్పు, చేపల పులుసు పెడుతున్నానని.

పెద్దమ్మ