ఇందాక నడిచిన మనిషి ఇంతలోనే ఎందుకు ఆగిపోయారు?

కిందటి సంచికలో నా పార్కిన్సన్స్ జబ్బు గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నీ చదివాను. కొన్ని రెండోసారి కూడా చదివాను. నేను డాక్టరును కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. 52వ ఏట ఈ జబ్బు బయటపడింది, ఇప్పుడు నాకు 63. ఏ మాత్ర ఎంత వేసుకోవాలని అడిగినవాళ్లు దయచేసి మీ న్యూరాలజిస్టునే (నరాల డాక్టరునే) అడగండి. మాత్ర వేసుకున్నాక రోజు ఎలా గడుస్తుందో, ఇంట్లోవాళ్లు ఏం చేస్తే తేలికవుతుందో మాత్రం నేను చెప్పగలను.

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు, పార్కిన్సన్స్ వచ్చి ఏడేళ్లయింది. పొద్దున పదింటికి పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి వస్తారు. పన్నెండున్నరకు భోజనానికి పిలిస్తే గది గుమ్మం దగ్గరే నిలబడిపోతారు, అడుగు పడదు. "ఇందాక తిరిగిన మనిషే కదా, నేను పిలిస్తేనే కాళ్లు రావు" అని మా అత్తగారు కోప్పడతారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇది జబ్బా, మొండితనమా? (ఒక కోడలు, పాలకొల్లు)

జవాబు: జబ్బేనమ్మా. మొండితనం కానే కాదు. ముందు ఈ ఒక్క మాట మీ అత్తగారికి చదివి వినిపించండి, మిగతావి తర్వాత మెల్లగా చెప్పొచ్చు.

మన మెదడులో డోపమీన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుంటాయి. చెయ్యి చాచాలన్నా, అడుగు వేయాలన్నా అది కావాలి. ఈ జబ్బులో ఆ కణాలు ఏళ్ల తరబడి నశిస్తూ పోతాయి. మనం మింగే లెవోడోపా మాత్ర మెదడులోకి వెళ్లి డోపమీన్‌గా మారుతుంది. మొదట్లో, మిగిలిన కణాలు దాన్ని దాచుకుని కావలసినప్పుడు వాడుకుంటాయి కాబట్టి మూడు పూటలా మూడు మాత్రలతో రోజు సాఫీగా వెళ్లిపోతుంది. కొన్నేళ్లు గడిచాక ఆ దాచుకునే చోటు తగ్గిపోతుంది. డాబా మీద ట్యాంకు ఉన్నన్నాళ్లూ మునిసిపాలిటీవాళ్లు నీళ్లు ఏ వేళకు వదిలినా మనకు పట్టదు. ట్యాంకు చిల్లుపడితే కుళాయి వచ్చినంతసేపే నీళ్లు. మీ మామగారికి పదింటికి కుళాయి వస్తోంది, పన్నెండున్నరకు ఆగిపోతోంది.

నాకు కుళాయి ఆగే వేళ పదకొండున్నర. ముందు కుడికాలి బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. తర్వాత గొంతు తగ్గుతుంది, పక్కగదిలో ఉన్నవాళ్లకు నా పిలుపు వినబడదు. పోయిన మంగళవారం మాత్ర కాస్త ఆలస్యమైంది. కంచం ముందు కూర్చుని, అన్నంలో పప్పు వేసుకుని కలపబోతే వేళ్లు అన్నంలోకి దిగాయి గానీ కదల్లేదు. మెతుకులు వేళ్ల సందుల్లో ఉన్నాయి, నెయ్యి కరిగి కంచం అంచుకు జారుతోంది, వేళ్లు మాత్రం పెట్టినచోటే ఉండిపోయాయి. కలపాలని నాకుంది, ఆకలీ ఉంది, ఆ సంగతి చేతికి చేరడం లేదు. అరగంట పోయాక అదే చెయ్యి చారన్నం కూడా కారకుండా నోటికి అందించింది. ఆ అరగంటలో ఎవరైనా "తినడానికి బద్ధకమా?" అని ఉంటే నేను ఆ పూట అన్నం మానేసేదాన్ని. మీ మామగారి కన్నీళ్లు అవేనమ్మా.

"నేను పిలిస్తేనే కాళ్లు రావు" అని మీ అత్తగారు అన్నదాంట్లో ఒక నిజముంది. తొందర, టెన్షన్, పదిమంది చూపు తగిలితే కాళ్లు ఇంకా గట్టిగా నేలకు అతుక్కుపోతాయి. ఆవిడ కోపంగా పిలిచినప్పుడే ఆయన ఆగిపోతున్నారంటే ఆ కోపం వల్ల ఆగడం ఎక్కువవుతోందని అర్థం. ఒక వారం పాటు గట్టిగా పిలవకుండా, దగ్గరికి వెళ్లి చెప్పి చూడమనండి.

ఇంక మీరు చేయగలిగినవి. ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని వారం రోజులు రాయండి: మాత్ర ఎన్నింటికి, తిండి ఎన్నింటికి, ఏం తిన్నారు, నడక ఎప్పుడు బాగుంది, ఎప్పుడు ఆగింది, చేతులు తల వాటంతటవే ఊగడం ఏమైనా ఉందా. లెక్కల టీచర్ని కాబట్టి నేను గ్రాఫ్ కాగితం మీద గీశాను, మీకు అంత అవసరం లేదు. డాక్టరుగారి గదిలో మనకు దొరికేది పది నిమిషాలు. అక్కడ మీ మామగారు మాత్ర పనిచేస్తున్న వేళకు వెళ్తే చక్కగా నడిచి చూపిస్తారు, డాక్టరుగారు "బాగానే ఉంది" అని పంపేస్తారు. నోటుబుక్కు చూస్తే మాత్రల మధ్య వ్యవధి మార్చాలో, ఇంకో మందు కలపాలో తెలుస్తుంది. నా విషయంలో అదే జరిగింది.

తిండి సంగతి మీరు రాయలేదు గానీ అడగకపోయినా చెప్పాలి. పప్పు, పెరుగు, పాలు, గుడ్లు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ, లెవోడోపా కూడా రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడులోకి వెళ్లేది ఒకే దారిన. రెండూ ఒకేసారి వస్తే మాత్ర వెనకబడిపోతుంది. నేను చాలాకాలం పొద్దుటి మాత్ర పాలు పోసిన కాఫీతో మింగాను, ఎవరూ వద్దని చెప్పలేదు. ఇప్పుడు ఆరింటికి మంచినీళ్లతో మాత్ర, ఆరున్నర దాటాక కాఫీ. తిండికి అరగంట ముందైనా, తిన్న గంట తర్వాతైనా మాత్ర పడితే మంచిది. ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటినీ దూరంగా జరపాలి. అలాగని పప్పూ పెరుగూ మాన్పించకండి, మనిషి చిక్కిపోతారు. కొందరికి డాక్టర్లు మాంసకృత్తులు ఎక్కువున్నవి రాత్రి భోజనంలోకి మార్చమంటారు, అడిగి చూడండి.

గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడు ఎదురుగా నిలబడి చెయ్యి పట్టి లాగొద్దు. ఒళ్లు ముందుకొస్తుంది, కాళ్లు రావు, పడిపోతారు. పక్కన నిలబడి "ఆగండి, నిటారుగా నిలబడండి, బరువంతా ఎడమకాలి మీద వేయండి, ఇప్పుడు కుడికాలు పెద్దగా వేయండి" అని నిదానంగా చెప్పండి. చాలామందికి చదునైన ఇరుకు గుమ్మం కంటే కంటికి కనబడే గీత దాటడం తేలిక. మా ఇంట్లో గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టినరోజు నేను ఆగకుండా దాటడం మా అమ్మాయి కనిపెట్టింది. ఆ తర్వాత బాత్రూముకు వెళ్లే దారిలో అడుగుకొకటి చొప్పున తెల్ల టేపు అడ్డంగా అంటించింది. అక్కడ ఇప్పటిదాకా పడలేదు. లయ కూడా పనిచేస్తుంది. నేను చిన్నప్పుడు నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మనసులో "తకధిమి తకధిమి" అనుకుంటే కాలు లేస్తుంది. మీ మామగారికి అది తెలియకపోతే ఒకటి రెండు అని లెక్కపెట్టమనండి. నాలుగడుగులు వేయలేని మనిషి సైకిలెక్కి చక్కగా తొక్కిన సంగతిని నెదర్లాండ్స్ డాక్టర్లు 2010లో ప్రకటించారు. మెదడులో నడకకు ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారి తెరిచి ఉండొచ్చని దాంతో నాకు ధైర్యం వచ్చింది. అది చదివి ఆయన్ని రోడ్డు మీద సైకిలెక్కించకండి, ఇంట్లో కదలకుండా ఉండే వ్యాయామం సైకిలైతే డాక్టరును అడిగి మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: మా వారు జీవితంలో పేకముక్క పట్టనివారు. పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారు. ఆరు నెలలుగా రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో రమ్మీ ఆడుతున్నారు. అమ్మాయి పెళ్లికి దాచినదాంట్లోంచి డబ్బు పోయింది. అడిగితే కసురుతున్నారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను. (పేరు, ఊరు వద్దు)

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మందుల చీటీ తీసి చూడండి. ప్రమిపెక్సోల్ అని గానీ, రోపినిరోల్ అని గానీ ఉందా? అవి చాలామందికి బాగా పనిచేసే మందులే, కానీ కొందరిలో ఆపుకోలేని కోరికను లేపుతాయి. జూదం, అదేపనిగా కొనడం, అతిగా తినడం, మితిమీరిన లైంగిక వాంఛ. డాక్టర్లకు ఇది బాగా తెలిసిన దుష్ప్రభావమే. రోగి తనంతట తాను చెప్పడు, సిగ్గు. ఇంట్లోవాళ్లు అది మందు వల్ల అని ఊహించరు.

మీ వారి గుణం మారిపోయిందని అనుకోకండి. ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి, మీ వారి ముందు చెప్పలేకపోతే ముందుగా మీరొక్కరే వెళ్లి చెప్పండి. మందు తగ్గిస్తే, మారిస్తే చాలామందిలో ఆ కోరిక తగ్గుతుంది. కానీ మీరుగా మాత్ర దాచేయొద్దు. పార్కిన్సన్స్ మందు ఏదైనా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, లెవోడోపా విషయంలో తీవ్రమైన జ్వరం వచ్చి కండరాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. డబ్బు సంగతి వేరు. బ్యాంకు కార్డులు, ఫోన్‌లో డబ్బులు పంపే యాప్‌లు ఈరోజే మీ చేతికి తీసుకోండి. "నీ మీద నమ్మకం లేక కాదు, మందు సర్దుకునేదాకా" అని చెప్పి తీసుకోండి.

ప్రశ్న: నాకు 46. ప్రభుత్వ కార్యాలయంలో పని. ఎడమచెయ్యి వణుకును జేబులో పెట్టి దాస్తున్నాను. ఇప్పుడు సంతకం చిన్నదైపోయి బ్యాంకులో చెక్కు వెనక్కొచ్చింది. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందా? (కరీంనగర్)

జవాబు: తమ్ముడూ, పోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు పెట్టి ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఎవరినీ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పని చూపాలి. వైకల్యం 40 శాతం గానీ అంతకుమించి గానీ ఉంటే సర్టిఫికెట్‌తో ఇంకొన్ని సౌకర్యాలూ ఉంటాయి. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. నేను మూడేళ్లు దాచాను. చెయ్యి జేబులో పెట్టి దాచడానికి పెట్టే శ్రమే మనిషిని సగం అలసిపోయేలా చేస్తుంది. దాస్తుంటే వచ్చే టెన్షన్‌కు వణుకూ పెరుగుతుంది.

అక్షరాలు చిన్నవవడం ఈ జబ్బు లక్షణమే. బోర్డు మీద నేను లెక్క మొదలుపెట్టినప్పుడు అంకెలు అరచేయంత ఉండేవి, సమాధానం దగ్గరికొచ్చేసరికి శనగగింజంతయ్యేవి. వెనక బెంచీ పిల్లలు "టీచర్, కనబడట్లేదు" అనేవారు. కారణం అప్పటికి నాకూ తెలియదు. రూళ్ల కాగితం మీద రోజూ పది నిమిషాలు, రెండు గీతలకూ తగిలేలా పెద్దగా రాయండి. గీత కనిపిస్తే చెయ్యి పెద్దదిగా రాస్తుంది. బ్యాంకులో కొత్త సంతకం నమూనా ఇచ్చేయండి.

ప్రశ్న: దూలగొండి గింజల పొడి తింటే ఇంగ్లీషు మందులు మానేయొచ్చంటున్నారు. నిజమేనా? (చీరాల)

జవాబు: దూలగొండిలో నిజంగానే లెవోడోపా ఉంది. మన ఆయుర్వేదంలో కంపవాతానికి, అంటే ఇలాంటి వణుకు జబ్బుకు, దాన్ని వాడడం ఊరికే కాదు. సమస్యంతా మోతాదుతోనే. ఏ గింజలో ఎంత ఉందో, చెంచాడు పొడిలో ఎంత వస్తోందో మీకు తెలియదు. మాత్రతో పాటు అదీ వేసుకుంటే మందు రెట్టింపై ఒళ్లు ఊగిపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. తినాలనిపిస్తే డాక్టరుకు చెప్పి తినండి, చెప్పకుండా మాత్రం వద్దు.

ప్రశ్న: నాన్నగారికి వచ్చే నెల హెర్నియా ఆపరేషన్. పార్కిన్సన్స్ కూడా ఉంది. ఆస్పత్రిలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (అనంతపురం)

జవాబు: బాబూ, నాలుగేళ్ల కిందట వాంతులు, విరేచనాలతో నన్ను ఒక ఆస్పత్రిలో చేర్చారు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది డోపమీన్‌ను అడ్డుకునే మందు. నా మాత్రలేమో వాళ్ల మందుల వేళల ప్రకారం తొమ్మిదింటికీ, రెండింటికీ ఇచ్చారు. మర్నాటికి నేను పక్క మీద ఇటునుంచి అటు తిరగలేకపోయాను. మా అమ్మాయి మా న్యూరాలజిస్టుకు ఫోన్ చేశాకే సంగతి తెలిసింది. ఎవరూ కావాలని చేయలేదు, వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

అందుకని ముందే సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ చెప్పండి. ఆపరేషన్ ముందు ఏమీ తినకూడదన్నా, గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకోవచ్చేమో మత్తు డాక్టరును అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. మాత్రలు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, నర్సుకు వేళలు రాసివ్వండి. మెటోక్లోప్రమైడ్, ప్రొక్లోర్‌పెరజిన్, హాలోపెరిడాల్ వద్దని కేసు షీటు మీద రాయించండి. వాంతులకు డోంపెరిడోన్ సరిపోతుందేమో వాళ్లే చూస్తారు. కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నరిజిన్ కూడా మనకు పడదు.

నేనైతే పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక అట్టముక్క పెట్టుకున్నాను. ఒకవైపు మాత్రల పేర్లు, వేళలు. రెండోవైపు ఇవ్వకూడని మందుల పేర్లు, మా అమ్మాయి ఫోన్ నంబరు, కింద ఈ మూడు వాక్యాలు: "నాకు పార్కిన్సన్స్ ఉంది. మాట మెల్లగా వస్తుంది, కానీ మీరు చెప్పేది అర్థమవుతుంది. దయచేసి కాసేపు ఆగండి." మీ నాన్నగారికి కూడా అలాంటిది ఆపరేషన్‌కు ముందే రాసి ఇవ్వండి, పెద్ద అక్షరాలతో.