ఫాస్ఫేట్ పడితే ‘ఆన్’ అయినట్టేనా?

ప్రశ్న: మేడమ్, నేను భీమవరంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ‘ఫాస్ఫోరిలేషన్ (ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ అంటడం) జరిగితే ప్రోటీన్ యాక్టివేట్ అవుతుంది’ అని మా నోట్సులో ఉంది. సెల్ సైకిల్ పాఠంలోనేమో స్వి5 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జీన్లను పని చేయించే ప్రోటీన్) తన మీద ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ పనిచేయదని ఉంది. పరీక్షలో ఏది రాయాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండోదే రాయమ్మా. మొదటి వాక్యాన్ని నోట్సులోంచి కొట్టేయి. పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశాను. ఒక వేసవి సెలవుల్లో ఈస్ట్ ల్యాబులో పనిచేసి వచ్చాక మానేశాను. అక్కడ ఏం చూశానో చెబితే నీకు పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంటుంది.

బేకరీలో పిండి పొంగించే ఈస్టే అది. తల్లి కణం పక్కన చిన్న మొగ్గ వేస్తుంది, మొగ్గ పెరిగి కూతురు కణం అవుతుంది. స్వి5కి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించిన కణాలను నాకు మైక్రోస్కోపు కింద పెట్టి ఇచ్చారు. మొగ్గ బాగా పెరిగిన కణంలో సైటోప్లాజమ్ అంతా పచ్చగా ఉంది, కేంద్రకం ఉన్న చోట మాత్రం నల్లటి గుండ్రటి మచ్చ. దాదాపు జీన్లన్నీ ఉన్నది ఆ మచ్చలోనే. వాటిని పని చేయించాల్సిన ప్రోటీనేమో బయటే ఉండిపోయింది. చూస్తూ ఉండగా కేంద్రకం సాగి, తల్లిలో ఒకటి, కూతురిలో ఒకటిగా విడిపోయింది. ఆ తర్వాత రెండు మచ్చలూ నలుపు నుంచి పచ్చకి తిరిగాయి. బయటి పచ్చదనమంతా లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అదీ ఆరిపోయింది, ఎందుకంటే లోపలికి వెళ్ళిన స్వి5 పని చేసి త్వరగానే విరిగిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవాలనిపించలేదు నాకు.

జరిగిందేమిటంటే, స్వి5లో ‘నన్ను కేంద్రకంలోకి తీసుకెళ్ళండి’ అని చెప్పే ఒక భాగం ఉంది. లైసిన్, ఆర్జినిన్ లాంటి ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలు అక్కడ గుంపుగా ఉంటాయి. కణం విభజనకు సిద్ధమవుతున్నప్పుడు సీడీకే అనే కైనేజ్, అంటే ఫాస్ఫేట్ అంటించే ఎంజైము, జోరుమీద ఉంటుంది. అది ఆ భాగంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్లు అంటిస్తుంది. ఫాస్ఫేట్‌ది ఋణావేశం. ధనావేశాన్ని గుర్తుపట్టి లోపలికి మోసుకెళ్ళే ప్రోటీన్లకు ఇప్పుడా గుర్తు సరిగా దొరకదు. క్రోమోజోములు విడిపోయాక సీడీసీ14 అనే ఫాస్ఫటేజ్ బయటికొచ్చి ఫాస్ఫేట్లను తీసేస్తుంది, దారి తెరుచుకుంటుంది. 1991లో వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందం ఆ సెరీన్‌లను ఫాస్ఫేట్ అంటని అమైనో ఆమ్లంగా మార్చి చూసింది. అప్పుడు స్వి5 వేళాపాళా లేకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ముందే తయారుచేసి బయట కూర్చోబెట్టడం దేనికి అని నీకు అనిపించవచ్చు. జీన్ చదివి, ఆర్‌ఎన్‌ఏ చేసి, ప్రోటీన్ కట్టాలంటే కణానికి చాలాసేపు పడుతుంది. ఉన్న ఫాస్ఫేట్ పీకేయడం చిటికెలో పని. పెళ్ళివారు ముందురోజే విడిదిలో దిగుతారు కదా, ముహూర్తానికి ఊరి నుంచి బయలుదేరరు. స్వి5 లోపలికి వెళ్ళి చేయించే వాటిలో సిక్1 అనే ప్రోటీన్ ఒకటి, అది పోయి సీడీకేనే కట్టిపడేస్తుంది. తనని బయట ఆపినదాన్ని తనే ఆపించడం చూశావా, అందుకే కణం వెనక్కి తిరగదు.

సరే, అయితే ‘ఫాస్ఫేట్ అంటే ఆఫ్’ అని రాసుకోకు. అదీ తప్పే. స్వి5కి ఏస్2 అని తోబుట్టువు లాంటి ప్రోటీన్ ఉంది. దాన్ని కూడా సీడీకే ఫాస్ఫేట్లు బయటే ఆపుతాయి. అవి పోయాక లోపలికి వెళ్తుంది. కూతురు కణంలో మాత్రం సీబీకే1 అనే మరో కైనేజ్ దాని మీద ఇంకో చోట ఫాస్ఫేట్ వేస్తుంది. ఆ ఫాస్ఫేట్ పడితే ఏస్2కి కేంద్రకం నుంచి బయటికి పోవడం కుదరదు. ఒకే ప్రోటీన్ మీద ఒక ఫాస్ఫేట్ గుమ్మం బయట నిలబెడితే, ఇంకొకటి లోపల పెట్టి గడియ వేస్తోంది. కాబట్టి ఎక్కడ పడింది, ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అని అడగాలి. ఏస్2 కూతురు కణంలో కైటినేజ్ లాంటి ఎంజైములు చేయిస్తుంది, తల్లీకూతుళ్ళ మధ్య గోడను అవి కోస్తాయి. ఒకరకంగా బొడ్డు కోసే మంత్రసాని పని. ఏస్2 లేని ఈస్ట్‌ని నేను పెంచాను. ఫ్లాస్కు షేకర్ మీంచి తీసి బల్ల మీద పెడితే మామూలు ఈస్ట్ చాలాసేపు మబ్బులా తేలుతుంది. ఇది మాత్రం విడిపోలేక గుత్తులు గుత్తులుగా, నానిన రవ్వలా అడుక్కి దిగిపోయింది. ఎక్కడో ఒక ప్రోటీన్‌కి అంటిన ఒక ఫాస్ఫేట్ సంగతి కంటికి కనిపించేంత పెద్దదవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో మాట. మీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేసే ఉంటావు, నీలిరంగు వస్తుంది. ఆ పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించింది మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కైనేజ్‌లు ఫాస్ఫేట్ తెచ్చుకునేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నదీ ఆ ఇద్దరే, జర్మనీలో లోమాన్ విడిగా కనుగొన్నాడు. నీలిరంగు వచ్చినప్పుడు ఒక్కసారి ఆయన్ని తలుచుకో.

ప్రశ్న: మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. లెట్రోజోల్‌తో పాటు పాల్బోసిక్లిబ్ ఇచ్చారు. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసి 7 రోజులు ఆపమన్నారు. ఆపిన వారంలో జబ్బు పెరుగుతుందని అమ్మ భయపడుతోంది. ఆపకుండా వేస్తే మంచిది కాదా?

జవాబు: వద్దండీ, అలా మాత్రం చేయకండి. పై ప్రశ్నతో పాటే మీ ఉత్తరం వచ్చింది, విషయం కూడా ఒకటే. మన కణాల్లో ఈ2ఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు డీఎన్‌ఏ రెట్టింపు చేసే జీన్లను నడిపిస్తాయి. వాటిని ఆర్‌బీ అనే ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది. సీడీకే4, సీడీకే6 అనే కైనేజ్‌లు ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు వేయడం మొదలుపెడితే ఆ పట్టు సడలుతుంది, ఈ2ఎఫ్ విడుదలవుతుంది, కణం విభజన దారి పడుతుంది. పాల్బోసిక్లిబ్ ఆ రెండు కైనేజ్‌లలో ఏటీపీ కూర్చునే గుంటలో తను కూర్చుంటుంది. ఫాస్ఫేట్ పడదు, ఆర్‌బీ పట్టు వదలదు. 2015లో అమెరికాలో దీనికి మొదట అనుమతి వచ్చింది.

అయితే ఎముక మజ్జలో తెల్లకణాలు పుట్టాలన్నా ఇవే కైనేజ్‌లు కావాలి. 21 రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తగ్గుతాయి, ఆ 7 రోజుల్లో మళ్ళీ పుంజుకుంటాయి. ఆ విరామం మందులో భాగమే. అమ్మకి చెప్పండి, ఆ వారంలో కూడా లెట్రోజోల్ రోజూ పనిచేస్తూనే ఉంటుందని. దాన్ని ఆపకూడదు. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని మందు కాగితంలో ఉంటుంది. పంపర పనస దానికి దగ్గరి చుట్టం, డాక్టరుగారిని అడగకుండా అదీ పెట్టకండి. కొత్త డబ్బా మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించండి. తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ ప్రమాదం, కాబట్టి జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, రాత్రి 2 గంటలైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి.