‘ఛాయాచిత్రాలు – సందేహాలు’: ట్రంకు పెట్టెలో మిగిలిన రీలు

ప్రశ్న: మా పెదనాన్నగారు సరకు ఓడల్లో పనిచేశారు. ఆయన పోయాక అటక మీది ట్రంకు పెట్టెలో ‘కోడాక్రోమ్’ అని రాసి ఉన్న ఎనభై స్లైడ్లు, కడిగించని రీలు ఒకటి దొరికాయి. రీలు డబ్బా మీద ఆయన చేతిరాతతో ‘జగ్గన్నతోట’ అని ఉంది. ఇప్పుడు కడిగిస్తే రంగులు వస్తాయా? కొన్ని స్లైడ్లకు బూజు పట్టింది, తడిగుడ్డతో తుడవవచ్చా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: ముందు ఆ తడిగుడ్డ పక్కన పెట్టండమ్మా. బూజు తినేది ఫిల్ము మీది జెలటిన్ పొరను. అది తిన్నచోట నీరు తగిలితే పొర కరిగి, బొమ్మతో సహా ఊడి వస్తుంది. స్టూడియో పెట్టిన కొత్తలో ఒక పెళ్లికూతురి ముఖాన్ని నేను ఇలాగే తడి దూదితో చెరిపేశాను. వాళ్ల నాన్నగారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అద్దిన దూదిని ఒత్తకుండా ఒక్కసారి జరపండి. ముందు పనికిరాని స్లైడు మీద చెయ్యి కుదుర్చుకోండి. తరువాత గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మన లంకల్లో ముసురు పట్టిందంటే బీరువాలో పట్టుచీరలకే దిక్కులేదు, కాబట్టి వానాకాలంలో మూత తీయకండి. ప్రొజెక్టరులో పెట్టి చుట్టాలకు చూపించే సరదా కూడా వద్దు. చీకట్లో దశాబ్దాలు నిలిచే ఈ రంగులు ప్రొజెక్టరు వెలుగులో త్వరగా వెలిసిపోతాయి. స్కాన్ చేయించుకోండి.

ఇక రీలు. రంగులు రావు. మిగతా కలర్ ఫిల్ముల్లో రంగుకు కావలసిన సరుకు పొరల్లోనే ఉంటుంది. కోడాక్ కంపెనీ స్లైడు ఫిల్ము అయిన కోడాక్రోమ్ పొరల్లో అది లేదు. కడిగేటప్పుడే ఒక్కో పొరకు ఒక్కో రంగు ఎక్కించేవారు. స్లైడును వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి, బొమ్మ చెక్కినట్టు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. 1935లో దీన్ని తెచ్చిన లియోపోల్డ్ మాన్స్, లియోపోల్డ్ గొడోవ్‌స్కీ ఇద్దరూ సంగీతకారులు, ఒకరిది పియానో, ఒకరిది వయొలిన్. కోడాక్ 2009లో తయారీ ఆపింది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని పార్సన్స్ ఊళ్లో మిగిలిన ఆఖరి ల్యాబు 2010 డిసెంబరు 30 తరువాత రీళ్లు తీసుకోలేదు.

నలుపు తెలుపుగా కడగవచ్చు, బొమ్మ దక్కే అవకాశం ఉంది. అయితే ఫిల్ము వెనక నల్లటి పూత ఉంటుంది, దాన్ని తీయడం తెలిసినవారికే ఇవ్వండి. మామూలు కలర్ నెగటివ్ మందుల్లో వేస్తే బొమ్మను నిలిపే వెండి పోతుంది, రంగు రాదు, చేతికి ఖాళీ ఫిల్ము వస్తుంది.

కోడాక్రోమ్ అనగానే అందరూ స్టీవ్ మెకర్రీ 1984లో తీసిన పచ్చకళ్ల అఫ్గాన్ బాలికను తలుచుకుంటారు. నాకు మాత్రం ఓడ మనిషి ఒకాయన ఇచ్చిన ఒకే ఒక్క రీలు గుర్తొస్తుంది, ఫిల్ము వేగం (వెలుగును పట్టే శక్తి) 64. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటిస్తున్న ప్రభను ఎండలో షట్టరు 250 స్పీడు (సెకనులో 250వ వంతు), ఎపర్చరు (లెన్సు రంధ్రం) 8 పెట్టి తీస్తే ప్రభకు కట్టిన గుడ్డల ఎరుపు ఇప్పటికీ నిన్నటిదిలా ఉంది. కొబ్బరి తోట నీడలో తీసినవాటిలో తెల్లచొక్కాలు తప్ప మనుషులు లేరు. తప్పు ఫిల్ముది కాదు, నాది. ఎక్స్‌పోజరులో అర స్టాపు (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు) తేడాను కూడా అది క్షమించదు.

మీ పెదనాన్నగారు ఆ తీర్థానికి ఒక్క రీలుతోనే వెళ్లి ఉండరు. ఎనభై స్లైడ్లలో ప్రభ ఎక్కడైనా ఉందేమో వెతకండి. స్లైడు చట్రం అంచున నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటే అది కడిగిన తేదీ, తీసినది కాదు. ఏ రేవు నుంచో పోస్టులో వేసేవరకు ఆ రీలు ఆయన పెట్టెలో ఎన్ని నెలలు ఉందో మరి, కాబట్టి జనవరి ముద్ర కోసం మాత్రమే చూడకండి.