వాషింగ్టనా, కార్న్‌వాలిసా? మా సీమ నుంచి చూస్తే

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన జార్జ్ వాషింగ్టన్, లార్డ్ కార్న్‌వాలిస్‌లలో ఎవరు గొప్ప సేనాని, అక్కడ ఓడి లొంగిపోయిన కార్న్‌వాలిస్‌ను మన దేశానికి గవర్నర్ జనరల్‌గా ఎలా పంపారు అని అడిగారు. అనంతపురంలో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడిగేవారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఒక రోజు మైదానంలో తేలే పోరు అయితే కార్న్‌వాలిస్‌దే పైచేయి. ఎనిమిదేళ్ళు సాగిన యుద్ధం కాబట్టి గెలుపు వాషింగ్టన్‌ది. అయితే కార్న్‌వాలిస్ నడుం విరిచినవాడు వాషింగ్టన్ కాదు, మూడో మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు.

చదువు సంగతి చూస్తే ఇద్దరికీ పొంతనే లేదు. కార్న్‌వాలిస్ లండన్‌లో పుట్టిన ప్రభువుల బిడ్డ. ఇటలీలోని ట్యూరిన్‌లో సైనిక విద్య నేర్చాడు, జర్మనీలో ఏడేళ్ళ యుద్ధం చూశాడు. వాషింగ్టన్ వర్జీనియా భూస్వామి. కుర్రతనంలో ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళ తరఫునే పోరాడాడు, బ్రిటిష్ సైన్యంలో పక్కా అధికారి పదవి కోసం ఎంత ప్రయత్నించినా దొరకలేదు. ఇంకో విశేషం చూడండి. అమెరికా వలస రాజ్యాల మీద ఏ చట్టమైనా చేసే హక్కు బ్రిటిష్ పార్లమెంటుకు ఉందన్న బిల్లును 1766లో ప్రభువుల సభలో వ్యతిరేకించిన కొద్దిమందిలో కార్న్‌వాలిస్ ఒకడు. పదేళ్ళు తిరిగేసరికి ఆ వలసల మీదికే దండెత్తి వెళ్ళాడు.

1776 ఆగస్టులో లాంగ్ ఐలాండ్ దగ్గర వాషింగ్టన్ చిత్తుగా ఓడాడు. ఒక పక్క దారికి సరైన కాపలా పెట్టలేదు. బ్రిటిష్ దండు రాత్రికి రాత్రి ఆ దారిన చుట్టివచ్చి వెనక తేలింది. అందులో కార్న్‌వాలిస్ కూడా ఉన్నాడు. న్యూయార్క్ పోయింది. నవంబరులో వాషింగ్టన్ పేరే పెట్టిన కోటలో ఆయన మనుషులు 2,800 మందికి పైగా బందీలయ్యారు. కార్న్‌వాలిస్ వెంట తరుముతుంటే వాషింగ్టన్ న్యూజెర్సీ పొడవునా పరుగే పరుగు. సేనాని అంటే ప్రతి పోరూ గెలిచేవాడు అని లెక్కేస్తే ఈ ఏడాదికే ఆయన కథ ముగిసేది.

కానీ ఆ ఓటమిలోనే ఒక పని గమనించాలి. లాంగ్ ఐలాండ్‌లో వెనక నది, ముందు శత్రువు. అప్పుడు 9,000 మందిని ఒక్క రాత్రిలో పడవల మీద ఆవలి ఒడ్డుకు చేర్చాడు. తెల్లవారాక పొగమంచు కమ్మి కాపాడింది. దండు బతికింది. వాషింగ్టన్‌ను అర్థం చేసుకోవాలంటే ఊళ్ళ పేర్లు పక్కనబెట్టి, ప్రతి ఓటమి తర్వాత దండు మిగిలిందా లేదా అన్నది చూడాలి.

ఇద్దరూ నేరుగా ఢీకొన్న రోజు 1777 జనవరి 2. అంతకు వారం ముందు, క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ డెలావేర్ నది దాటి ట్రెంటన్‌లో 900 మంది జర్మన్ కిరాయి సిపాయిలను పట్టుకున్నాడు. లెక్క తీర్చడానికి కార్న్‌వాలిస్ వచ్చాడు. పొద్దుగూకేసరికి ఇద్దరి మధ్య ఒక వాగు, దాని మీద ఒక వంతెన. వాషింగ్టన్ వెనక మంచుగడ్డలు తేలే నది. వంతెన మీదికి మాటిమాటికీ ఎగబడినా బ్రిటిష్ సిపాయిలకు దాటడం కుదరలేదు. చీకటి పడింది, మిగతాది పొద్దున చూసుకుందాం అనుకున్నాడు కార్న్‌వాలిస్. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు, సిపాయిలు రోజంతా బురదలో నడిచి సోలిపోయి ఉన్నారు. వాషింగ్టన్ మాత్రం నెగళ్ళు మండుతూనే ఉండేలా కొందరిని వదిలి, ఫిరంగి చక్రాలకు గుడ్డలు చుట్టించి, చప్పుడు కాకుండా పక్క దారిన జారుకున్నాడు. పగలు బురదగా ఉన్న దారి రాత్రి చలికి గడ్డకట్టి బండ్లు సులువుగా నడిచాయి. తెల్లారేసరికి ప్రిన్స్‌టన్‌లో కార్న్‌వాలిస్ వెనక భాగాన్ని కొట్టాడు. నోటికాడి కూడు పోవడం అంటే ఇదే.

వాషింగ్టన్ గొప్పతనం ఇలాంటి రాత్రుల్లో కంటే చలికాలపు శిబిరాల్లో ఎక్కువ కనపడుతుందని నా నమ్మకం. 1777లో దండు మొత్తానికి మశూచి టీకాలు వేయించాడు. అది ఇప్పటి టీకా లాంటిది కాదు, రోగపు చీమునే ఒంట్లోకి ఎక్కించే పద్ధతి, ప్రాణాపాయం ఉంది. శత్రువుకు తెలిస్తే సిపాయిలు మంచాన పడ్డ సమయంలోనే మీదపడతాడు. అయినా తెగించాడు. వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో 1777-78 చలికాలం సుమారు 2,000 మంది రోగాలతో పోయారు. చెప్పుల్లేవు, దుప్పట్లు లేవు, జీతాలు లేవు. ఆ మనుషులను చెదిరిపోకుండా పట్టి ఉంచడం చిన్న విషయం కాదు.

ఇక కార్న్‌వాలిస్ దక్షిణాదికి వెళ్ళాడు. 1780 ఆగస్టులో క్యామ్డెన్ దగ్గర అమెరికన్ దండును తుత్తునియలు చేశాడు. అప్పుడు వాషింగ్టన్ పంపిన మనిషే నేను ముందు చెప్పిన మూడోవాడు, నథానియల్ గ్రీన్. గ్రీన్ నిలబడడు, నది తర్వాత నది దాటిపోతాడు, పడవలు ముందే సిద్ధం చేసుకుంటాడు. అతన్ని అందుకోవాలన్న పట్టుదలతో 1781 జనవరిలో కార్న్‌వాలిస్ తన సామాను బండ్లనూ గుడారాలనూ తగలబెట్టించాడు. ముందు తన సామానే మంటల్లో వేశాడు. ధైర్యమైన పనే, కానీ నడి చలికాలంలో గుడారం లేని దండు ఎన్నాళ్ళు నిలుస్తుంది? మార్చిలో గిల్‌ఫర్డ్ దగ్గర చివరికి పోరు దొరికింది, గెలిచాడు కూడా. చేతిలో ఉన్న దాదాపు 1,900 మందిలో నాలుగో వంతు చనిపోవడమో గాయపడడమో జరిగింది. ‘కొట్లాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్ళీ కొట్లాడతాం’ అని గ్రీన్ రాసిన మాట ఉంది. అలా ఓడుతూనే దక్షిణాదిని ఖాళీ చేయించాడు.

అలసిన దండుతో కార్న్‌వాలిస్ వర్జీనియా చేరి యార్క్‌టౌన్‌లో దిగాడు. మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది, అక్కడికి వెళ్ళినప్పుడు పట్టుబట్టి యార్క్‌టౌన్ చూశాను. గుత్తి కోట, గండికోట చూసిన కళ్ళకు అక్కడ కోట అంటూ ఏమీ లేదు. గడ్డి మొలిచిన మట్టి కట్టలు, వాటి ముందు కందకాలు, వెనక వెడల్పాటి నది. పదో నంబరు బురుజు మీద నిలబడి నది వైపు చూస్తే సంగతి అర్థమైపోతుంది. ఆ నదిలోకి ఓడలు వస్తే అది రేవు, రాకపోతే బోను. 1781 సెప్టెంబరు 5న ఫ్రెంచ్ నౌకాదళం బ్రిటిష్ ఓడలను సముద్రం మీదే నిలువరించింది. బోను మూత పడింది.

ఈ ఘనత అంతా వాషింగ్టన్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు. ఆయన మనసంతా న్యూయార్క్ మీదే ఉండేది. వర్జీనియా వైపు మొగ్గినవాడు ఫ్రెంచ్ సేనాని రోషాంబో. ముట్టడి వేసినవాళ్ళలో దాదాపు సగం ఫ్రెంచివాళ్ళే. కానీ ఓడలు వస్తున్నాయని తెలియగానే వాషింగ్టన్ తన పంతం వదిలి దండును దక్షిణానికి మళ్ళించాడు. న్యూయార్క్ మీదికే వస్తున్నారని శత్రువు నమ్మేలా దగ్గర్లో పెద్ద పెద్ద రొట్టెల పొయ్యిలు కట్టించారు. అక్టోబరు 19న కార్న్‌వాలిస్ దండు లొంగిపోయింది. ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పి కత్తి అప్పగించడానికి తన కింది అధికారి ఒహారాను పంపాడు. ఈ ఒక్క పని నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అన్నాళ్ళు తన వెంట నడిచిన సిపాయిలు తల దించుకుని బయటికి వస్తుంటే సేనాని ముందుండాలి.

ఇక రెండో ప్రశ్న. ఇంగ్లండ్‌లో నింద చాలావరకు న్యూయార్క్‌లో కూర్చున్న పై సేనాపతి క్లింటన్ మీదికి పోయింది. రాజుకు కార్న్‌వాలిస్ మీద నమ్మకం పోలేదు. చేతివాటం లేని మనిషి అన్న పేరుంది. 1786లో ఇక్కడికి పంపారు.

ఇక్కడ టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చూస్తే పాత కథే మళ్ళీ జరిగినట్టుంటుంది. 1791 మార్చిలో బెంగళూరు పట్టుకుని, మేలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళి, అక్కడా ఒక పోరు గెలిచాడు. కానీ గింజలు అయిపోయాయి, వానలు పడ్డాయి, ఎడ్లు చచ్చాయి. కోట కళ్ళ ముందు ఉండగా, తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేయించి వెనుదిరిగాడు. మన కరువు నేలల్లో దండు నడపాలంటే ముందు మేత, తర్వాతే మందుగుండు. ఈసారి మాత్రం గిల్‌ఫర్డ్ తర్వాత లాగా మొండికి పోలేదు. ఆగాడు. హిందూపురం వాళ్ళకు కూతవేటు దూరంలో ఉన్న నంది కొండను, తర్వాత సావనదుర్గాన్ని పట్టి, వెనక దారి భద్రం చేసుకున్నాడు. తిండిగింజలకు బంజారాల ఎడ్ల బిడారులను కుదుర్చుకున్నాడు. మన జిల్లాల్లో సుగాలీలు అంటామే, వాళ్ళే. ఎడ్ల మీద గింజలు, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. వాళ్ళు లేకపోతే ఏ జెండా కింది దండైనా ఆ రోజుల్లో దక్కన్‌లో నాలుగు మజిలీలు దాటేది కాదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇక్కడ కాసేపు ఆగేవాణ్ణి, తాండాల నుంచి వచ్చిన పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్ళు.

1792 ఫిబ్రవరిలో రాత్రి దాడితో శ్రీరంగపట్నం బయటి కట్టలు దాటాడు. కోటలోకి చొరబడాలన్న పంతానికి పోకుండా సంధి చేసుకున్నాడు. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, ఇద్దరు కొడుకులు బందీలు. ఆ పంపకాల్లోనే కడప టిప్పు చేతి నుంచి కంపెనీ పక్షాన ఉన్న నిజాంకు పోయింది, 1800లో నిజాం దాన్ని మిగతా దత్త మండలాలతో కలిపి కంపెనీకి రాసిచ్చాడు.