ఉద్యోగం చేసుకుంటూ ఇంటి గ్యారేజీలో పాత మజిల్ కారు బాగుచేసుకోవడం అయ్యే పనేనా?

అడిగినవారు న్యూజెర్సీలో ఉంటారట. ఇద్దరు పిల్లలు, రెండు కార్లు పట్టే గ్యారేజీ, శని ఆదివారాలు తప్ప తీరిక లేదు. 1970 షెవెల్ ఎస్ఎస్ ఒకటి, అంటే షెవర్లే కంపెనీ పెద్ద ఇంజను పెట్టి అమ్మిన మజిల్ కారు, అమ్మకానికి వచ్చింది. దాని ఓనరు మొత్తం విప్పేసి డబ్బాల్లో సర్ది పెట్టాడు. "పార్టులన్నీ ఉన్నాయి, బిగించుకోవడమే మిగిలింది" అంటున్నాడట. కొనమంటారా అని ప్రశ్న.

అయ్యే పనే. కానీ డబ్బాల్లో ఉన్న కారు కొనకండి. కాస్త ఎక్కువ డబ్బు పెట్టైనా సరే, తన చక్రాల మీద నిలబడి, ఎంత అధ్వాన్నంగానైనా స్టార్టయ్యే కారు కొనండి. కొన్నాక కూడా దాన్ని ఎప్పుడూ పూర్తిగా విప్పొద్దు. ఈ ఒక్క విషయంలో నన్నెవరూ మార్చలేరు.

నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటాను. నాది 1967 పాంటియాక్ జీటీఓ. 400 క్యూబిక్ ఇంచుల వీ8, అంటే 6.6 లీటర్లు. విన్ నంబరులో, అంటే బండి గుర్తింపు సంఖ్యలో, 'పీ' అక్షరం ఉంది కాబట్టి పాంటియాక్ ఊళ్ళోని ఫ్యాక్టరీలోనే పుట్టిన బండి. ఆ కంపెనీ మూతపడింది కానీ ఊరు ఉంది, వుడ్‌వర్డ్ అవెన్యూ ఉంది. 1995లో మొదలైన డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు ఆగస్టులో ఆ రోడ్డు మీదే జరుగుతుంది. అక్కడికి వచ్చే కార్లు చూసి మనసు పారేసుకుని, ఆ ఊపులో ఇంటికి ఒక బండి తెచ్చుకుని, మొదటి వేసవిలోనే చివరి బోల్టు దాకా విప్పేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. విప్పడం సరదాగా ఉంటుంది, తొందరగా అయిపోతుంది. తర్వాత చలికాలం వస్తుంది. ఆఫీసులో ప్రాజెక్టు మారుతుంది, పిల్లాడికి ఈత క్లాసులు మొదలవుతాయి. మళ్ళీ గ్యారేజీలోకి వెళ్ళేసరికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. చక్రాలు లేవు కాబట్టి బండిని పక్కకి జరపడానికి కూడా ఉండదు. చివరికి సగం ధరకి అమ్మేస్తారు. మీరు చూసిన షెవెల్ కథ కూడా ఇదేనని నా గట్టి నమ్మకం.

నడిచే బండి తన జబ్బు తానే చెబుతుంది. ఈ మాట మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

నాన్నది విజయవాడ ఆటోనగర్. అంబాసిడర్ టాక్సీలతో మొదలుపెట్టి, తర్వాత లారీల పనిలోకి వెళ్ళి, జీవితమంతా ఆ షెడ్లలోనే గడిపారు. విజిటర్ వీసా మీద మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనకి ఇక్కడ ఏమీ తోచేది కాదు. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళ అవస్థ గురించి విడిగా రాయాలి. కారు నడపలేరు, నడిచి వెళ్ళడానికి ఒక టీ కొట్టు ఉండదు, పగలంతా కిటికీ దగ్గర కూర్చోవాలి. మనం మాత్రం ఆఫీసు నుంచి వచ్చి "ఎలా గడిచింది నాన్నా" అని అడుగుతాం. మా నాన్నని కాపాడింది ఆ జీటీఓనే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళిపోయేవారు.

అప్పటికి బండి స్టార్టవుతోంది కానీ ఐడ్లింగ్‌లో, అంటే కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు, వణికేది. ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, ఎంత సరిచేసినా నిలిచేది కాదు. దగ్గర్లోని ఒక షాపువాళ్ళు వచ్చి చూసి, ఇంజన్ దింపి, సిలిండర్ల లోపలి గోడలు చెక్కించి (బోరు చేయించి), పిస్టన్లు మార్చాలని, ఒక చిన్న కారు కొనుక్కునేంత డబ్బు చెప్పారు.

"కంప్రెషన్ చూశారా?" అని అడిగారు నాన్న.

"లేదు నాన్నా, సౌండు విని చెప్పారు."

"కంప్రెషన్ చూడకుండా బోరు ఏంట్రా? గేజీ తీసుకురా."

ఎనిమిది సిలిండర్లలోనూ గాలి ఎంత ఒత్తిడితో బిగుస్తోందో చూశాం. అన్నీ దాదాపు సమానంగా ఉన్నాయి. ఆయన తల ఊపి, స్పార్కుని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్ తీయమన్నారు. నన్ను కిందికి పంపి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పమన్నారు. ఆయన పైన నిలబడి డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటరు మీదే చూపు పెట్టారు. పుల్లీ మీది గీత స్కేలు మీద దాదాపు పది డిగ్రీలు జరిగాక గానీ రోటరు కదల్లేదు. వెనక్కి తిప్పినా అంతే.

"చైను వదులైపోయిందిరా. క్రాంక్ ఒక మాట చెబితే క్యామ్ ఇంకోటి వింటోంది. టైమింగ్ ఎట్లా నిలుస్తుంది?"

క్రాంక్ అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్యామ్ అంటే వాల్వుల్ని తెరిచే ఇరుసు. రెంటినీ కలిపేది ఆ చైనే, రోటరుని తిప్పేది క్యామే. ఆ రోజుల్లో పాంటియాక్ ఇంజన్లలో చప్పుడు తగ్గాలని క్యామ్ వైపు చక్రం అల్యూమినియంతో చేసి, దానికి నైలాన్ పళ్ళు పెట్టేవాళ్ళు. కొత్తలో చక్కగా పనిచేస్తుంది. దశాబ్దాల వేడికి నైలాన్ పెళుసుబారిపోతుంది. రేడియేటరు, ఫ్యాను, వాటర్ పంపు, ముందున్న బ్యాలెన్సరు తీసి టైమింగ్ కవరు విప్పాం. ఈ ఇంజన్‌లో నీళ్ళు ఆ కవరు లోపలి నుంచే తిరుగుతాయి. కూలెంటు పూర్తిగా తీయకుండా దాన్ని ముట్టుకుంటే నీళ్ళన్నీ ఆయిల్‌లోకి పోతాయి. కవరు తీసేసరికి చక్రానికి పళ్ళు అక్కడక్కడా ఊడి, చైను వదులుగా వేలాడుతోంది.

జబ్బు దొరికిందని నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నాన్న మాత్రం చక్రాన్ని చేతిలో తిప్పి చూస్తూ, "ఊడిన పళ్ళు ఎక్కడున్నాయి?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"గాల్లో కలిసిపోవు కదరా. ఆయిల్ ఛాంబర్‌లోనే ఉంటాయి. దించు."

ఛాంబర్ దించడం ఈ బండిలో చిన్న పని కాదు. కింద ఫ్రేమ్ మెంబరు అడ్డం వస్తుంది. ఇంజన్ మౌంటు బోల్టులు తీసి, హాయిస్టుతో ఇంజన్‌ని కాస్త పైకెత్తాలి. రెండు వారాంతాలు దానికే పోయాయి. ఛాంబర్ కిందికి రాగానే ఆయిల్ పంపు ఆయిల్ పీల్చే గొట్టానికి ఉన్న జాలీ కనిపించింది. సగానికి పైగా మూసుకుపోయి ఉంది, బెల్లం రంగు నైలాన్ ముక్కలతో. ఆ జాలీతోనే హైవే ఎక్కి గట్టిగా తొక్కి ఉంటే ఆయిల్ అందక బేరింగులు కరిచేసేవి. అప్పుడు నిజంగానే ఇంజన్ దింపాల్సి వచ్చేది. జాలీ కడిగి, కొత్త ఆయిల్ పంపు వేసి, పూర్తిగా స్టీలుతో చేసిన చైను సెట్టు బిగించాం. షాపు చెప్పిన మొత్తంలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. స్టార్ట్ చేసి టైమింగ్ లైటు పెడితే గీత కదలకుండా నిలబడింది. నాన్న ఆ రాత్రి ఆటోనగర్‌లోని పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసి ఈ కథంతా చెప్పారు.

ఇప్పుడు ఆలోచించండి. అదే ఇంజన్ డబ్బాల్లో ముక్కలుగా వచ్చి ఉంటే, ఊడిన పళ్ళ ముక్కలు ఛాంబర్ అడుగున ఉన్నాయని ఎవరికి తెలిసేది? విప్పిన మనిషికి ఏం కనిపించిందో, దేన్ని పట్టించుకోకుండా పక్కన పెట్టాడో ఆయనకే గుర్తుండదు. మీకు వచ్చేది ఇనుము మాత్రమే, సమాచారం రాదు.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను చెప్పే క్రమం ఒక్కటే. ముందు బ్రేకులు. పాత రబ్బరు బ్రేకు గొట్టాలు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల వాచి మూసుకుపోతాయి. తొక్కితే పట్టుకుంటుంది, వదిలితే వదలదు. అవన్నీ మార్చండి. మీరు కొనే బండి 1967 కంటే పాతదైతే, బ్రేకు తొక్కినప్పుడు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండరు సాధారణంగా ఒకే గది ఉన్నది ఉంటుంది. ఒక్కచోట లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. దాని బదులు రెండు గదులది వేయించకుండా పిల్లల్ని ఎక్కించుకోవద్దు. పాత బ్రేకు డ్రమ్ముల్లోని దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదొద్దు, తడిపి తుడవండి. తర్వాత ఇంధనం లైను, ఎందుకంటే ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఆనాటి రబ్బరుని తినేస్తుంది. ఆ తర్వాత కూలింగు. ఇవి పూర్తయితే బండి రోడ్డెక్కుతుంది. వేసవిలో నడపండి, చలికాలానికి ఒక్క పని పెట్టుకోండి. ఒక ఏడాది వెనక సస్పెన్షన్, ఇంకో ఏడాది సీట్లు. రంగు అన్నిటికంటే చివర.

ఆయిల్ గురించి ఒక మాట. ఆ కాలపు క్యామ్‌లకి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి. ఇప్పటి కార్ల ఆయిల్‌లో దాన్ని తగ్గించేశారు. పాత ఇంజన్ల కోసమే అమ్మేది వాడండి.

కొనేటప్పుడు రంగు చూడొద్దు, తుప్పు చూడండి. మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే మరీ ముఖ్యం. డిక్కీ అడుగు, వెనక అద్దం కింది అంచు, వెనక మడ్‌గార్డుల కింది భాగం, బాడీని ఫ్రేముకి కలిపే చోట్లు చూడండి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, అది అతుక్కోని చోట ఇనుము లేదు, తుప్పుని కప్పే ఫిల్లరు ఉంది. ఇంజన్ ఎంత చెడినా బాగవుతుంది. ఫ్రేము పుచ్చిపోతే శని ఆదివారాల్లో అయ్యే పని కాదు.

పాత కార్ల వేలం కార్యక్రమాలు టీవీలో చూపించి జనాన్ని పాడుచేశారు. మూలన పడున్న ప్రతి తుప్పు బండికీ యజమాని లక్ష డాలర్ల కల కంటున్నాడు. మన తెలుగువాళ్ళు కూడా మొదట అడిగేది "రీసేల్ ఎంత వస్తుంది అన్నా?" అని. ఇంట్లో వీణ ఉంటే దాని రీసేల్ అడుగుతామా? హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, వాళ్ళది ఇంకో బాధ. సొంత ఇంటి ముందు, సొంత స్థలంలో కవరు కప్పిన కారు ఒక వారం ఉంటే ఉత్తరం వస్తుంది. అందుకే మళ్ళీ చెబుతున్నాను, బండి ఎప్పుడూ కదిలే స్థితిలో ఉండాలి.

ఇక మీ షెవెల్ సంగతి. అది ఎస్ఎస్ అని ఓనరు అంటే సరిపోదు. 1966 నుంచి 68 దాకా షెవెల్ ఎస్ఎస్ విన్ నంబరు 138తో మొదలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. 1970కి వచ్చేసరికి ఎస్ఎస్ ఒక ఆప్షన్ మాత్రమే. షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబుకీ దానికీ 136తోనే మొదలవుతుంది. మా జీటీఓకి 1966 నుంచి 242 ఉంది, పైగా పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కి రాస్తే ఫ్యాక్టరీ కాగితాల నకలు ఇస్తారు. అమెరికాలో తయారైన షెవెల్‌కి అలాంటి సదుపాయం లేదు. బిల్డ్ షీటు, అంటే ఫ్యాక్టరీలో బండి కట్టేటప్పుడు వాడిన కాగితం, దొరికితేనే రుజువు, అది తరచుగా పెట్రోల్ ట్యాంకు పైభాగంలో అతుక్కుని ఉంటుంది. మీరు నా మాట వినకుండా ఆ డబ్బాలే కొనాలనుకుంటే, ముందు ట్యాంకు ఎక్కడుందో చూపించమని అడగండి. కాగితం లేకపోతే మాలిబు ధర చెప్పండి, అందులోంచి విప్పి పెట్టినందుకు ఇంకా తగ్గించండి. ఆయన ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.