సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు, మిగతా డబ్బు కట్టాలా?

ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి వ్యాపారం, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. అమ్మకాలు, నిల్వలు విశ్లేషించే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను 9 లక్షలకు కొని, 5.4 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక ఇవ్వాలి. వాళ్ల ఇంజనీరు మూడుసార్లు ప్రయత్నించినా మధ్యలోనే ఆగిపోయింది. 'తప్పు మీ సర్వర్‌దే, ఫార్మాట్ చేయాలి' అంటూ బ్యాలెన్స్‌కు నోటీసు ఇచ్చారు. లైసెన్స్ కీ వచ్చి 11 రోజులైంది. కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: కోర్టు మాట తర్వాత. ముందు ఈ నాలుగు రోజుల్లో ఒక ఉత్తరం పంపండి. అమ్మినవారు ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్) నమోదున్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) ప్రకారం సరఫరా జరిగిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ఆపైన గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఇన్‌స్టాలేషనే కానప్పుడు సరఫరా ఎక్కడిదని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీదే ఆధారపడకండి. ప్రయత్నం జరిగిన తేదీలు, ఏ దశలో ఆగింది, తెరమీద వచ్చిన ఎర్రర్ మాటలు ఉన్నవున్నట్టు రాసి, 'మేం స్వీకరించలేదు' అని స్పష్టంగా చెప్పి, ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఇంజనీరు తెచ్చిన సర్వీసు రిపోర్టు మీద 'పని పూర్తయింది' అన్నచోట మీ అకౌంటెంటు సంతకం పెట్టేశాడేమో కూడా చూసుకోండి. ఇలాంటి కేసులు చాలావరకు అక్కడే చెడతాయి.

ఇక ఫార్మాట్‌కు ఇప్పుడే ఒప్పుకోవద్దు. ఇన్‌స్టాలేషన్ విఫలమైతే ఫైళ్లు వెనక్కి తీసేసినా లాగ్ (ఏ దశలో ఏం జరిగిందో రాసుకునే ఫైలు) సాధారణంగా మిగులుతుంది. డిస్కు తుడిస్తే అదీ పోతుంది. ముందు డిస్క్ ఇమేజ్ (డిస్కు మొత్తానికి యథాతథ నకలు) తీయించి, లాగ్‌లకూ ఈవెంట్ వ్యూయర్ (విండోస్ ఘటనల చిట్టా) రికార్డులకూ హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టించండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి, రెండింట్లోనూ ఆ హ్యాష్ అడుగుతారు.

తప్పెవరిదో ఆ లాగే చెబుతుంది. సెటప్ ఫైలే పాడైనా, కీ యాక్టివేట్ కాకపోయినా బాధ్యత వాళ్లది. కావాల్సిన పోర్టును (ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) వేరే ప్రోగ్రాం వాడుకుంటోందా, సర్వీస్ అకౌంటుకు (సాఫ్ట్‌వేర్ నడిచే ఖాతా) అనుమతి లేదా, ర్యామ్ చాలలేదా అన్నవి మాత్రం రెండువైపులా పదునున్న కత్తి. కొటేషన్‌లో 32 జీబీ అని రాసి, మీ సర్వర్‌లో 16 ఉంటే మీ కేసు బలహీనం. వాళ్లే వచ్చి సర్వర్ చూసి 'సరిపోతుంది' అని రాసిచ్చి ఉంటే మీదే పైచేయి.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య అమ్మకపు పన్ను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 కింద, చెప్పిన అవసరానికి పనికిరాలేదని అడగవచ్చు. అయితే బ్రాండు పేరు మీరే చెప్పి అదే కావాలని కొనుంటే ఈ రక్షణ దక్కకపోవచ్చు. 'అది సరుకు కాదు, లైసెన్సు' అని వాళ్లు వాదిస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 54 ఉంది: తమ వంతు చేయనివారు, దాని తర్వాత రావలసిన డబ్బు అడగలేరు. కాబట్టి మీ ఒప్పందంలో బ్యాలెన్స్‌కు 'డెలివరీ' అని ఉందా, 'ఇన్‌స్టాలేషన్' అని ఉందా అన్నది కీలకం.

కన్జ్యూమర్ కమిషన్ మీకు దారి కాదు. వ్యాపార ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారు. 2025 నవంబరులో పాలీ మెడిక్యూర్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్ విషయంలోనే ఈ మాట చెప్పింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని కోర్టు బయట తీర్పరికి అప్పగించే షరతు) ఉంటే అటు వెళ్లాలి. లేకపోతే 3 లక్షలు దాటింది కనుక కమర్షియల్ కోర్టు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ మధ్యవర్తిత్వం తప్పనిసరి. దావా వేయడానికి గడువు (లిమిటేషన్) మూడేళ్లు.

అడ్వాన్సు, వడ్డీ, ఈ పనికి నేరుగా అయిన ఖర్చులు అడగండి. 'ఈ సాఫ్ట్‌వేర్ రిపోర్టులుంటే ధర పెరిగేదాకా సరుకు ఆపేవాళ్లం' అన్న లాభం, దూరపు నష్టాలకు పరిహారం లేదనే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ముందు నిలవడం కష్టం.

మొత్తం 9 లక్షల ఇన్వాయిసు మీద జీఎస్టీ క్రెడిట్ (కొనుగోలు మీది పన్నును మీ పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే మీ ఆడిటర్‌కు చెప్పండి. ఇన్వాయిసు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించని భాగానికి ఆ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాల్సి వస్తుంది.